బెత్తెడు

మూడు సెల్లుల టార్చి అది. స్టేషనుది కాదు,
నెల్లూరు ట్రంకు రోడ్డులో నా సొంత డబ్బుతో కొన్నది.
నాలుగొందల యాభై అంటే బేరమాడి
నాలుగొందలిచ్చాను.
హోంగార్డునని చెప్పుంటే ఊరికే ఇచ్చేవాడేమో.
చెప్పలేదు.
అంత నిక్కచ్చి మనిషిని నేను.

ముత్తుకూరు రోడ్డు, పంటపాళెం దాటినాక,
రెండు బారికేడ్లు వంకరగా పెట్టి
పోర్టు లారీలని వదిలేస్తా
మోపెడ్లని ఆపుతా ఉండాం.
బొగ్గు లారీ పోయిన ప్రతిసారీ నోట్లో కరకర.
గంజాయి పట్టమని పైనుంచి ఆర్డరు.
లారీ వెతకాలంటే ఎక్కాల.
మోపెడ్డు చేతికందేంత ఎత్తు.

రొయ్యల షెడ్డు వాసన ముందొచ్చింది,
ఆనక బండి,
ఆనక ఆ ఇద్దరు.
పేర్లడిగితే కొండేటి పోలయ్య, అంకమ్మ.
ఊరడిగితే కాలనీ అన్నారు.
ఏ కాలనీ అంటే గిరిజన కాలనీ.
ఆ మాటకి ఎస్సై కుర్చీలోంచి లేచాడు.
అంతకుముందు ఏ బండికీ లేవలేదు.

క్యారేజీ మూత తీయించాడు.
అడుగున పిడికెడన్నం, ఎండుచేపల పులుసు.
లాఠీ కొసతో కెలికాడు.
పోలయ్య ఫోను తెరిపించి
చెల్లెలి పెళ్లి, పీతల వల, చంటిబిడ్డ నీళ్లపోత
ఒక్కొక్కటే వేలితో తోసుకుంటా చూసి
ఒకచోట నవ్వాడు.
ఎక్కడ నవ్వాడో నేను చూళ్లేదు.
పోలయ్య చూశాడు.

ఆ తరవాత ఆమెని రోడ్డు దిగమన్నాడు,
సర్కారు తుమ్మల పక్కకి.
"ఆడ కానిస్టేబులు లేదు సార్" అన్నాను.
అన్నాను, నిజంగానే.
ఎట్టా అన్నానంటే
టీలో చక్కెర లేదు సార్ అన్నట్టు.
"నువ్వు లైటు పట్టు" అన్నాడు.

పట్టాను.

రొండిన దోపుకున్న గుడ్డసంచి విప్పించాడు.
ఆకు, వక్క, పొగాకు కాడ,
రెండు రెండొందల నోట్లు,
బిడ్డ పట్టీ నుంచి ఊడిన మువ్వ ఒకటి.
పొగాకు వాసన చూశాడు.
మువ్వనీ వాసన చూశాడు.
అక్కడితో ఆగుండాల.
ఇంకేం దాచావే అంటా
ఆ చెయ్యి ఎక్కడెక్కడికి పోయిందో
చెప్పే మాటలు నాకాడ లేవు.
నా లైటు పోయిన చోటికల్లా పోయింది,
అంతే చెప్పగలను.

అప్పుడు అంకమ్మ నావైపు చూసింది.
నావైపు కాదు, వెలుతురువైపు.
వెనకున్న మొహం ఆమెకి కనపడదు గదా.
"అన్నా, ఆ లైటు కాస్త పక్కకి తిప్పు" అనింది.

అంతే అడిగింది.
వదిలెయ్యమనలేదు, దండం పెట్టలేదు.
మణికట్టు బెత్తెడు తిప్పితే చాలు.

పైన రోడ్డు మీద పోలయ్య
బండికి స్టాండు వెయ్యకుండా
హ్యాండిలు పట్టుకోని అట్నే నిలబడుండాడు,
స్టాండు వేస్తే ఈడనే ఉండిపోవాల్సొస్తదన్నట్టు.

రిజిస్టరు నేనే రాస్తా, దస్తూరీ బాగుంటదని.
తనిఖీ చేసిన వాహనాలు పదకొండు.
పన్నెండని దిద్దబోతే
"ఏమీ దొరకనోళ్లని ఎందుకు రాస్తావురా" అన్నాడు.
ఆ పదకొండు మంది కాడా ఏమీ దొరకలేదు.
నోట్లు రెండూ సంచిలోకి తిరిగిపోలేదు.
వాటితో అందరం టీ తాగాం.
నేనూ తాగాను. చక్కెర ఎక్కువైంది.

తెల్లారి డ్యూటీ దిగేటప్పుడు
తుమ్మల కింద మువ్వ కనపడింది,
ఏ లైటూ లేకుండానే.

పది రోజులుగా చొక్కా జేబులో ఉండాది.
వంగితే మోగతాది.
మా ఆడమనిషి అడిగితే తాళంచెవుల గుత్తిదన్నాను.

రెండుసార్లు మామూలు గుడ్డల్లో కాలనీ మలుపుదాకా పోయాను.
ఆమె పేరు నాకు తెలుసు.
నా పేరు ఆమెకి తెలీదు, మొహమూ తెలీదు.
గొంతు మాత్రం తెలుసు.

రెండోసారి, వల బాగుచేసుకుంటా ఉన్న ముసలాయన తలెత్తి
"ఎవరు కావాలబ్బయా" అన్నాడు.

నోరు తెరవకుండా చెయ్యూపి
బండి తిప్పుకున్నాను.