నిన్నటి గాలి

పోర్టు వైపున్న మా మూడో అంతస్తుకి
పదకొండు కిటికీలు.
పదకొండింటికీ మేకులే.
ఓడల్లోంచి బొగ్గు దిగే రోజుల్లో
రికార్డులు నల్లబడుతున్నాయని
ఎవరో పెద్దాఫీసరు కొట్టించాడట.
ఆయన రిటైరయ్యాడు.
మేకులింకా సర్వీసులోనే ఉన్నాయి.

తొమ్మిదిన్నరకి
బీచి రోడ్డు మీద జుట్టు చెరిపిన గాలిని
గుమ్మం దగ్గర దులుపుకుని లోపలికొస్తాం.
వెనక తలుపు మూసుకుంటుంది
టిఫిను డబ్బా మూతలా.

లోపల ఇరవై రెండు డిగ్రీలు.
ఎండనపడి వచ్చినవాళ్ళకి
ఓ గంటసేపు అదే స్వర్గం.

మూడయ్యేసరికి
పట్నాయక్ గారి ఆవలింత
సంతకాలకి తిరిగే ఫైల్లా
టేబులు టేబులుకీ వెళ్ళొస్తుంది.
నా కళ్ళల్లో ఇసక.
మానిఫెస్టులో టన్నులు చీమలై
పక్క గడిలోకి పాకుతాయి.
నిన్న ఒక సున్నా ఎక్కువ పడింది,
కాగితం మీద ఓడ మునిగేంత యూరియా.

దమయంతికి కణతల దగ్గర నొప్పి.
సోమవారం ఎక్కుతుంది,
శనివారం సాయంత్రం
బస్సు పూర్ణా మార్కెట్టు దాటేలోగా దిగిపోతుంది.
ఆదివారం ఎందుకు రాదో
డాక్టరు అడగలేదు.
కళ్ళజోడు మార్చాడు.

మొన్న నీళ్ళు కారుతున్నాయంటే
ఏసీ మెకానిక్కు అసిరినాయుడొచ్చాడు.
స్టూలెక్కి, మూత విప్పి,
లోపల్నించి ఏదో లాగాడు.
"ఏటండీ ఇది, జాలీయా, గొంగళా?"
మేం నవ్వాం. అతను నవ్వలేదు.
"ఈ మిషను బయటి గాలి తేదండి.
ఉన్నదాన్నే సల్లబరుస్తాది.
నిన్న మీరొగ్గీసిన ఊపిరే
ఇయ్యాల మీకే ఒడ్డిస్తంది."

తర్వాత చాలాసేపు
ఎవరి ముక్కు వాళ్ళకి తెలిసింది.
మంగళవారపు నెత్తళ్ళ వేపుడు,
జిరాక్సు మిషను వేడి,
వానాకాలం నుంచీ బూజెక్కిన సీలింగు పలక,
పదిహేడుమందిమి కలిసి విడిచి
కలిసి పీల్చుకున్నది.
గ్లాసు ఎంగిలవుతుందని
ఎత్తిపోసుకు తాగే మేం.

సుదర్శనం గుర్తొచ్చాడు.
ఆ మిషను కిందే కూర్చునేవాడు,
మే నెల్లో కూడా మెడకి మఫ్లరు.
దగ్గుతుంటే "బీడీలు తగ్గించవయ్యా" అనేవాళ్ళం.
పెద్దకర్మ నాడు వాళ్ళావిడ
వడ్డిస్తూ వడ్డిస్తూ అంది:
"ఆయనకి అగ్గిపుల్ల వాసనే పడేది కాదండీ."
గాలి వల్లేనని నేననను,
గుమస్తాని, నాకేం తెలుసు.
ఆ మాట మాత్రం
ఏ గడిలో రాయాలో తెలీక
మోస్తూనే ఉన్నాను.

జ్ఞానాపురం జెరోము ఎవర్నో అడిగి
అరచేతంత మీటరు తెచ్చాడు.
రెండువేల మూడువందలు చూపించింది.
వెయ్యి దాటితే మంచిది కాదట.
అర్జీ పెట్టాం.
జవాబు ఒక్క వాక్యం:
ఉష్ణోగ్రత నిబంధనల ప్రకారమే ఉన్నది.
గాలికి వాళ్ళ ఫారంలో గడే లేదు.

ఆ శుక్రవారం
ఊడ్చే తవుడమ్మ
కొంగులో పటకారు చుట్టుకొచ్చింది.
ఎవర్నీ అడగలేదు.
ఐదో కిటికీ మేకు
కుయ్యిమంటూ ఊడింది, ముసలి పన్నులా.

ఎంత మొరటుగా వచ్చిందో గాలి!
డిస్పాచి కాగితాలు చెల్లాచెదురు.
పట్నాయక్ గారికి మిగిలిన నాలుగు వెంట్రుకలూ
లేచి నిలబడ్డాయి.
చేపలరేవు కంపు, డీజిలు,
ఎక్కడో ఓడ కూత.
పెదవి మీద ఉప్పు,
ఉప్పులో సన్నటి బొగ్గు పొడి.
ఇదీ శుభ్రం కాదు.
కాని ఇది ఇవాళ్టిది.

మీటరు తొమ్మిదివందలకి దిగింది.

ఇప్పుడు రోజూ కిటికీ అంచున
కాటుక గీతంత నలుపు.
తవుడమ్మ తడిగుడ్డతో తుడిచి
బకెట్లో పిండుతుంది.
"గుడ్డే కదమ్మా," అంటుంది,
"ఉతుక్కోవొచ్చు."