తలుపు వైపు మొనలు

మా రొట్టెల కొట్టుకి పై వాటాలో ఎరాస్మో.
ఓడల్లో ముప్పై ఏళ్లు రేడియో ఆపరేటరు.
కుడి చెవి ఇప్పటికీ
కాస్త సముద్రం వైపే ఒరిగి ఉంటుంది.

కోకింబో రేవులో పొద్దు గూకే వేళ
అందరూ చేపల ధర అడుగుతుంటే
అతను ఆకాశం ధర అడుగుతాడు.
ఎక్కడో నీళ్లకి ఆవల ఒక నౌకాదళ స్తంభం,
జలాంతర్గాముల కోసం అది గొణిగే గొంతు.
పగటికీ రాత్రికీ మధ్య గడప దాటేటప్పుడు
ఒక్క క్షణం తడబడుతుంది.
ఆ తడబాటు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో
లెక్కల పుస్తకంలో పెన్సిలుతో రాసుకుంటాడు.

"కింద నేల పళ్లు కొరికితే
పైన గాలి పొరకి ఒళ్లు జలదరిస్తుందే నీవెస్!
అప్పుడు తడబాటు ముందే వచ్చేస్తుంది."

పిండి పిసుకుతూ వింటాను.
తొమ్మిదిసార్లు ముందే వచ్చింది.
ఆరుసార్లు ఏమీ కాలేదు.
రెండుసార్లు బొలీవియా వైపు ఎక్కడో దీపాలు ఊగాయట.
ఒకసారి సూర్యుడు తుమ్మాడని తేలింది.
ఇక పెద్దది వచ్చిన రాత్రి,
అమ్మ మీద అల్మరా పడిన రాత్రి,
పుస్తకంలో ఆ సాయంత్రపు గీత
ఇస్త్రీ చేసినట్టుంది.

ఆ పేజీ అతను చించెయ్యలేదు.
అందుకే నమ్ముతాను.
అతని మాటని కాదు, అతణ్ని.

విశ్వవిద్యాలయం నుంచి ఒకమ్మాయి వచ్చి
పుస్తకాలన్నీ ఫోటోలు తీసుకుంది.
"ఉండొచ్చు, లేకపోనూ వచ్చు" అంది మర్యాదగా.
"నా పెళ్లాం కూడా నా గురించి ఇదే అనేది" అన్నాడు.

పోయిన గురువారం
పదకొండు నిమిషాలు ముందు.
ఎవరికీ చెప్పలేదు. చెబితే వీధి వీధంతా
దుప్పట్లు కొండ మీదికి మోసుకెళ్లి
తెల్లారి అతని మొహాన దులుపుతుంది.
ఒకసారి అయింది ఆ ముచ్చట.

రొట్టె ఇవ్వడానికి పైకి వెళ్తే
మంచం పక్కన బూట్లు,
లేసులు వదులుగా,
మొనలు తలుపు వైపు.

ఏమీ అడగలేదు.
దిగొచ్చి పొయ్యి గ్యాసు కట్టేశాను.
పై అర మీది గాజు సీసాలు కిందికి దించాను.
కిటికీలోంచి చూసిన ఓస్వాల్దా
తన పూలకుండీలు దించింది.
ఆమెను చూసి మంగలి తన అద్దం.
ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆ రాత్రి నేల కదల్లేదు.
నిద్రలో నా కాళ్లే
రెండుసార్లు చెప్పులు వెతుక్కున్నాయి.

ఇవాళ బుధవారం.
సీసాలు ఇంకా కిందే ఉన్నాయి.