ఎవరి నడుం?

ధవళేశ్వరంలో వాన, మూడోరోజు.
స్క్రీన్ మీద గోదారి
ఒక నిలువు వరస అంకెలు.

ఆనకట్ట దగ్గర కొలబద్ద అడుగుల్లో చెబుతుంది,
పాత రిజిస్టర్లు క్యూసెక్కుల్లో,
నా ప్రోగ్రాముకి మీటర్లయితే తప్ప మెతుకు దిగదు.
సున్నా పాయింటు మూడు సున్నా నాలుగు ఎనిమిది.
పొద్దుటినుంచీ ఈ ఒక్క గుణకారమే
రేవులో పంటులా
అటువాళ్ళని ఇటు దాటిస్తోంది.

నిన్నొక పదమూడు
అడుగులన్న మాట ఒడ్డునే వదిలేసి
ఒంటరిగా లోపలికొచ్చింది.
మీటర్లనుకుని ప్రోగ్రాము
అరనిమిషంలో కోనసీమంతా ముంచేసింది.
నవ్వాను. తర్వాత చేతులు చల్లబడ్డాయి.
అప్పట్నించీ ఇంటిపేరు లేని అంకెని
గుమ్మం తొక్కనివ్వట్లేదు.

లంకలోంచి ఏసుపాదం ఫోను.
"నడుంలోతండి."
"మీటర్లలో?"
"ఇంకా లెగుత్తందండి."
"ఎవరి నడుం?"
కాసేపు గాలి, పడవ ఇంజను.
"నాదండి. మా మంగాయమ్మకైతే గుండెల్దాకా.
పిల్లోడు భుజమ్మీదున్నాడు, ఆడికి లెక్కలేదండి."

రాశాను:
నడుం అంటే ఒకటి పాయింటు సున్నా ఎనిమిది మీటర్లు.
పక్కనే, ప్రోగ్రాము చదవకుండా దాటిపోయే వరసలో,
రేపెవరైనా తెరిస్తే తెలియాలని:
ఇది ఏసుపాదం నడుం. మనిషి ఆరడుగులు.
కొలిచింది కాదు, ఫోన్లో అంచనా.

రన్ కొట్టేముందు
హెచ్చరిక గీతని
మంగాయమ్మ గుండెలకి
జానెడు కిందికి దించాను.