కాశిమేడు ఐసు

మే నెల. పెరంబూరు మేడమీద
గ్లూ గన్ను ముక్కులోంచి బటర్ పేపరు మీదికి
మంచుభూతం కొమ్ములు జారుతున్నాయి.
చారుమతి పెదవి విరిచింది:
"గాజులా ఉంది మామయ్యా, ఐసు కాదు."

తెల్లారకముందే కాశిమేడు పోయి చూశాం.
వంజరం చేపల నడుమ పగిలిన దిమ్మ
అంచున నీళ్ళంత తేట,
కడుపులో మబ్బు పట్టిన తెలుపు.
"ఊపిరి ఇరుక్కుపోయింది లోపల" అంది.

రెజిన్‌లో చిటికెడు వంటసోడా వేశాం.
బుడగలు.
సీసా అడుగులు కోసి భుజాలకు అతికించాం.
భూతం లేచి నిలబడింది,
మెడ నిండా చెమటకాయలతో.

జిగురుకు కాలిన నా వేలికి
ఫ్రిజ్‌లోంచి ఐసుముక్క తెచ్చి అదిమింది.
అది కరిగి మోచేతి దాకా కారుతుంటే
తన కొమ్ము తడిమి చూసుకుంది.
"మనది కారదేం?"

అర్ధరాత్రి, గ్లిజరిన్ సీసా కోసం
అలమరాలన్నీ వెతుకుతున్నాను.