కౌంటు

మా షెడ్డులో కౌంటంటే ఓట్లు కాదండి,
కేజీకి ఎన్ని రొయ్యలు తూగాయో అది.
ముప్పై తూగితే రైతు మారాజు,
వంద తూగితే ఐసు ఖర్చులు కూడా రావు.
పద్నాలుగేళ్ళుగా ఆకివీడు రోడ్డు మీద నా పని ఇదే.
తడి చేతుల్తో ఎంచడం,
గట్టిగా ఒక అంకె చెప్పడం,
ఆ అంకె విన్న మొహం వైపు చూడకపోవడం.

ఈ ఏడు రోహిణి కార్తెలో
రోళ్ళొక్కటే పగల్లేదు.

ఎగ్జిట్ పోల్స్ చెప్పిన రాత్రి
చెరువులో ఏరేటర్లు నురగ కక్కుతున్నాయి.
గట్టు మీద లోవరాజు ఫోన్లో పచ్చ గీతలు లేస్తున్నాయి.
కొవ్వొత్తులంటాడు వాటిని.
ఒక్కోటీ తాటిచెట్టంత.
"షేర్ల బజారుకి సెలవుంది వీరమణక్కా,
కాయినుకి లేదు. మన ఏరేటర్లాగే.
ఆగిందా, తెల్లారేసరికి అన్నీ తేలతాయి."
కాయినుకి మన ఓట్లతో పనేంటిరా అన్నాను.
అది అవతలి దేశం ఓట్ల కోసం చూస్తోందట.
మన రొయ్యా అటే చూస్తుందన్నాడు.
అప్పుడు నవ్వాను.

మేతకని తెచ్చిన లక్షా ఎనభై
సగం షేర్లు, సగం కాయిను.
సిరా చుక్క ఇంకా గోరు దాటని వేలితోనే
నొక్కేశాడు.

దాచడమెందుకు,
ఓటుకని నా గుమ్మంలో పెట్టిన రెండు వేలూ
నేనే వాడి చేతిలో పెట్టాను.
చీటీపాట కన్నా నయమేమోనని.

లెక్కింపు రోజు
ఐసు పెట్టెల మీద టీవీ.
మూడో రౌండుకి ముందున్నవాడు వెనక్కెళ్ళాడు,
కొవ్వొత్తులన్నీ తలకిందులై ఎర్రగా కారాయి.
నలభై రెండు, అన్నాను నేను.
టీవీ ఇంకో అంకె అంది. ఫోను ఇంకోటి.
మూడూ వాడొక్కడే విన్నాడు.
కంపెనీ ఏజెంటు కళ్ళజోడు తుడుచుకుంటూ
"మార్కెట్ బాలేదండి, కేజీకి పాతిక తగ్గుద్ది" అన్నాడు.
ఏ మార్కెట్టని ఎవరూ అడగలేదు.

ఎవరు గెలిస్తేనేం,
నాలుగో రోజుకి బజారు లేచి ఒళ్ళు దులుపుకుంది.
మా పాతిక లేవలేదు.
అప్పటికే లోవరాజు అన్నీ అమ్మేసి
మేత కొట్టు బాకీలో సగం తీర్చాడు.
"నీది మాత్రం అమ్మలేదక్కా" అన్నాడు,
ఎటో చూస్తూ.

కార్తీకంలో, నేను అరటి దొప్పలో దీపం వదిలిన వారం,
సముద్రాల అవతల ఎవరో ఎవరికో ఓటేశారు.
నా రెండు వేలు మూడున్నరయ్యాయి.
సుంకాలు పెంచుతారన్న మాట మొదలై
ఇంకో ముప్పై పడింది రొయ్య.

మా నాన్న కార్తెలు చూసి నారు పోసేవాడు.
లోవరాజు గోడ క్యాలెండర్లో
ఏ దేశంలో ఎప్పుడు పోలింగో పెన్సిలుతో రాసుకున్నాడు.
నూట పది రోజుల పంట,
సీడు ఎప్పుడు వదలమంటావక్కా అంటాడు.
అంకె చెప్పేదాన్ని నేను, ముహూర్తం చెప్పేదాన్నా?

ఒక పట్టుకీ ఇంకో పట్టుకీ మధ్య
నా మూడున్నర ఉందో పోయిందో చూద్దామని
ఫోన్ మీద వేలు పెడతాను.
ఓటేసిన వేలే.
తడిగా ఉందని
తెరుచుకోదు.