హెచ్ లేని పాకాల

నాక్ కమిటీ వస్తుందని
మా వృక్షశాస్త్ర విభాగం పటం గీయమన్నారు నన్ను.
హన్మకొండలో రెండింటికి కరెంటు పోతే నాలుగింటికి వస్తుంది.
లైబ్రరీ కిటికీ పక్కన, బ్యాటరీ ఉన్నంతసేపు
మనుషుల్ని చుక్కలుగా చూస్తూ కూర్చుంటా.

ఒక్కో చుక్క ఒక పరిశోధకుడు.
ఇద్దరు కలిసి పేపరు రాస్తే నడుమ ఒక గీత,
పన్నెండు రాస్తే ఆ గీత
కొత్తవాడ జంపఖానా అంచంత లావెక్కుతుంది.
అన్నిటి మధ్య బొద్దుగా ప్రొఫెసరు గారి చుక్క.
రెండు వందల పదకొండు పేపర్లు.
ఏ పోగు పట్టి గుంజినా ఆయన వేలికే చుట్టుకుంటుంది.
అన్నీ చదివిండా అని
సాఫ్ట్‌వేర్ అడగదు, నేనూ అడగను.

నా పని పేర్లు ఏరడం.
మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు వెనక.
జి. ఓదెలు, ఓదెలు జి., ఓదెలు గుండెబోయిన:
ముగ్గురని రాసుకుంది యంత్రం.
ఒక్కడే.
కాజీపేట నుంచి సైకిల్ మీద వచ్చేటోడు,
హ్యాండిల్‌కు ఒక పక్క నాచు సీసాలు, ఇంకో పక్క సద్దిగిన్నె.
మూడు చుక్కల్ని ఒకటి చేసి ఎంటర్ నొక్కిన.
బ్రేకుల్లేని ఆ సైకిలు చప్పుడు వినిపించింది.

బి. స్వరాజ్యం.
తొంభై ఎనిమిది నుంచి రెండువేల నాలుగు దాకా ఆరు పేపర్లు.
తర్వాత ఏమీ లేదు.
రెండువేల పదకొండులో మంచిర్యాల నుంచి ఎవరో టి. స్వరాజ్యం,
అదే చెరువు, అదే నాచు.
ఇంటిపేరు వేరు, కాలేజీ వేరు,
పోలిక పన్నెండు శాతమే అంది యంత్రం.
ఇంగ్లీషులో పాకాలకు నడుమ ఒక హెచ్ ఉండాలి.
బి. పెట్టలేదు. టి. కూడా పెట్టలేదు.
పేరు పట్టివ్వని మనిషిని
తప్పు పట్టిచ్చింది.

ఫోన్ చేసిన.
చాలాసేపు నవ్వింది మేడం.
"కలుపుతె కలుపు గాని,
నడుమ ఏడేండ్లు ఏడ గీస్తవు?"
నా దగ్గర అట్లాంటి గీత లేదు.
కుక్కర్ విజిల్ వినిపించింది, ఆమె దించలేదు.
"అయినా, పాకాల లోతు మాకేం ఎరుక?
యాకయ్య పడవ ఆపి, ఈడ దించుండ్రి అంటె
ఈడ దించినం సీసా.
ఆయన చుక్క ఏది?"

వెతికిన.
ఒక థీసిస్ చివర, కృతజ్ఞతల పేజీలో,
భర్తకూ టైపిస్టుకూ నడుమ
సగం వాక్యంలో ఉన్నాడు.
ఆ పేజీ యంత్రం చదవదు.

కొత్త చుక్క పెట్టి యాకయ్య అని రాసిన.
ఇంటిపేరు గడి ఖాళీగా ఉండరాదంది.
మళ్లీ ఫోన్ చేస్తే మేడంకూ తెలియదు.
ఆరేళ్లు ఆయన పడవలో కూర్చుంది.
బ్యాటరీ మూడు శాతం.
గడిలో
పాకాల అని కొట్టిన,
హెచ్ లేకుండా.