ఐదు సెకండ్లు

పెద్దపల్లి దాటినంక ఇటుక బట్టీల కాడ
రేకుల షెడ్డు మా బడి.
గోడకు అ ఆలు, అ ఆల మీద బూడిద.
దినాం పొద్దుగాల చీపురుతోని
అక్షరాలను కూడా ఊడుస్త.

ఇయ్యాల మదింపు.
వీరస్వామి సారు ఫారం తెచ్చిండు:
బొమ్మ చూపాలె. ఇది ఏమిటి అని అడగాలె.
ఐదు సెకండ్లు ఆగాలె.
జవాబు రాకుంటే సున్న.

జెమా ముందట కూసున్నది. ఆరేండ్లు.
బలంగీర్ నుంచి కార్తీకంల వచ్చింది,
ఒక గిన్నె, ఒక తమ్ముడు, ఒక భాష పట్టుకొని.

ద్రాక్షపండ్ల బొమ్మ.
ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.
సున్న.
ఓడ బొమ్మ.
ఓడను నేనూ చూడలేదు.
సున్న.

పది దాక లెక్కపెట్టు బిడ్డా అన్న.
మెల్లగ మొదలుపెట్టి పది కాడ ఆగలేదు.
సాయంత్రం మేస్త్రి ఇటుకలు లెక్కపెట్టినట్టే,
నలభై కాడ మేస్త్రి దగ్గే దగ్గు
అది కూడా దగ్గి,
అరవై దాటినంక నేనే ఆపిన.
ఫారంల గడి పది దాకనే ఉన్నది.

నీళ్ల బొమ్మకు పెదవులు కదిలినయి:
"పాయెన్‌లు."
సారు తల అడ్డంగ ఊపిండు.
నా పెన్ను ఆగింది.
నీళ్లు, పాలు, కండ్లు, ఇటుకలు...
మా మాటల తోకలు ఎప్పుడు ఏరుకున్నదో ఈ పిల్ల,
ఒక తోక తీసి
తన నీళ్లకు కుట్టుకున్నది.
దీనికి గడి ఏది సారూ అంటే
బండి తాళం వెతుక్కున్నడు.

ఇరవైకి మూడు.
మాట్లాడుట: ప్రారంభ దశ.
సంతకం పెట్టిన.

సారు బండి దుమ్ము లేపుకుంట పోయింది.
అచ్చులు ఆరబోసిన జాగల నడుస్తుంటే
వెనుకకెళ్లి కేక:
"పైలం టీచర్! పచ్చిగున్నయ్!"
ఎత్తిన కాలు గాలిలనే ఆగింది.

పైలం. అది వాచకంల లేదు, నేను నేర్పలేదు.
ట్రాక్టరు డ్రైవరో, చాయ్ కొట్టు ఎల్లవ్వనో,
ఎవరి నోట్లెకెళ్లి రాలితే ఏరుకున్నదో.
సంచిలకెళ్లి ఫారం తీసిన.
మళ్ల సంచిలనే పెట్టిన.

జెమా దగ్గరికొచ్చి మట్టిల వేలు పెట్టి
వాళ్ల మాటల ఏదో అడిగింది.
చీమ.
దాని పేరు నిన్ననే చెప్పింది నాకు.
ఒకటి, రెండు, మూడు...
నాలుక కొసకు వచ్చి జారిపోతున్నది.
ఐదు దాటినయి, పది దాటినయి,
బట్టీ పొగ కాలువ దిక్కుకు మళ్లింది,
తమ్ముడు ఏడ్వబట్టిండు, చంకకెత్తుకున్నది,
నా నోటి దిక్కే చూసుకుంట
ఇంక నిలబడే ఉన్నది.